వచ్చేటప్పటికే ఉన్న దెబ్బ

“పది నలభై,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ టైము తన సొంత ఆస్తి అయినట్టు చేతి గడియారం మీద వేలితో తట్టి మరీ అన్నాడు.

పిన్ని మేడమీది గది గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుతోంది. నిజానికి ఆమె అక్కడెవరికీ పిన్ని కాదు. డిటెక్టివ్ పనిలో జుట్టు నెరిసిన ఆమెని దొంగల దగ్గర్నుంచి లాయర్ల దాకా అందరూ పిన్ని అనే పిలుస్తారు. ఆమె కూడా ఇన్‌స్పెక్టర్‌కి ఒక పేరు పెట్టుకుంది, గడియారం అని. ఏ కేసునైనా ఆయన టైముతో మొదలుపెట్టి టైముతోనే ముగిస్తాడు. మధ్యలో మనుషులు అడ్డమొస్తే చిరాకు పడతాడు.

“వారం కిందట, పొద్దున పది గంటలకి టీచరమ్మ ఆన్‌లైన్ క్లాసు మొదలుపెట్టింది,” అంటూ అందుకున్నాడాయన. “పది నలభైకి ‘ఒక్క నిమిషం’ అని కెమెరా ముందునుంచి లేచింది. ధన్‌మని చప్పుడు. నలభై మంది స్టూడెంట్లు విన్నారు. ఎడమ చెవి వెనక దెబ్బ. ఈ గదికి దారులు రెండే. బయటి మెట్లవైపు తలుపు లోపలనుంచి గడియ పెట్టి ఉంది. ఇక మిగిలింది కిందింట్లోంచి వచ్చే మెట్లు. ఆ టైముకి కింద ఉన్నది ఒక్కతే, ఈ చెల్లెలు. ఇందులో మీరు కొత్తగా కనిపెట్టేదేముంది పిన్నిగారూ?”

ఆ చెల్లెలు లోపలి మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. అక్క స్పృహ తప్పి ఆసుపత్రిలో చేరితే, చంపబోయింది నువ్వేనంటూ ఆ ఆసుపత్రి గేటు దగ్గరికి కూడా వెళ్లనివ్వడం లేదు. సాయంత్రంలోగా ఆమె మీద హత్యాయత్నం కేసు రాసేస్తానని ఇన్‌స్పెక్టర్ పొద్దున్నే ప్రకటించాడు. రాస్తే ఆ పిల్ల బతుకు బుగ్గి అయినట్టే. అందుకే పిన్ని భోజనం కూడా మానేసి పరుగెత్తుకొచ్చింది.

“అమ్మాయ్, దానికి ముందురోజు సాయంత్రం మీ అక్కా నువ్వూ అరుచుకున్నారటగా. వీధిలో వాళ్లంతా విన్నారట,” అంది పిన్ని.

“అరుచుకున్నాం పిన్నీ. మాక్ పరీక్షలో అక్క నన్ను ఫెయిల్ చేసింది. రెండు మార్కులు కలిపితే నీ సొమ్మేం పోయిందని అడిగాను. చెల్లెలివని మార్కులు కలిపితే రేపు నీ చేతిలో ఏ రోగి కేస్ షీటో పాడవుతుందంది. నాకు ఒళ్లు మండింది.”

“తర్వాత?”

“తర్వాతేముంది? ఇద్దరం కలిసి భోంచేశాం. గిన్నెలు నేను కడిగాను. తను తుడిచింది.”

“ఇది మీరు రాసుకున్నారా?” అని పిన్ని ఇన్‌స్పెక్టర్‌ని అడిగింది.

“గిన్నెల సంగతి కేసులో ఎందుకండీ?”

“కొట్లాట రాసుకున్నారుగా. గిన్నెలూ రాయాలి.”

ఇన్‌స్పెక్టర్ కిటికీవైపు చూశాడు.

టీచరమ్మ చెప్పేది ఇన్‌పేషెంట్ మెడికల్ కోడింగ్. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్నవాళ్ల కేస్ షీట్లు చదివి, ప్రతి జబ్బుకీ ప్రతి చికిత్సకీ లావుపాటి పుస్తకాల్లోంచి సరైన కోడ్ వెతికి వేయడమే ఆ పని. ఆసుపత్రి రిసెప్షన్‌లో నిలబడి నిలబడి కాళ్లు వాచిన చెల్లెలు, ఇంట్లో కూర్చుని చేసుకోగల ఉద్యోగమని ఆ కోర్సులో చేరింది. కేసు ఒప్పుకున్న రోజే పిన్ని కూడా చేరింది. పాత క్లాసుల రికార్డింగులు ఒక్కటి వదలకుండా చూసింది. మాక్ పరీక్ష కూడా రాసింది. అందులో వచ్చిన మార్కుల గురించి మాత్రం ఎవరు అడిగినా మాట మార్చేస్తుంది.

గదిలో బల్ల, కుర్చీ, లాప్‌టాప్ ఉన్నాయి. గోడకి పెద్దక్షరాలతో రాసిన కాగితం అంటించి ఉంది: *వచ్చేటప్పటికే ఉందా, వచ్చాక వచ్చిందా?* ప్రతి రికార్డింగులోనూ టీచరమ్మ తల వెనక కనిపించేది ఆ కాగితమే. రోగికి ఉన్న ఒక్కో జబ్బు గురించీ కోడర్ అడగాల్సిన ప్రశ్న అది. పుండుతోనే ఆసుపత్రికి వచ్చాడా, మంచం మీద పడుకోబెట్టాక పుండు పడిందా? పేరుకి పుండు ఒక్కటే, కానీ అది ఎవరి తప్పన్నది తేల్చేది ఆ ప్రశ్నే.

బల్ల అంచున కొక్కేనికి హెడ్‌సెట్ వేలాడుతోంది. పిన్ని దాన్ని ముట్టుకోకుండా వంగి చూసింది.

“ఇది ఇక్కడే ఉందా?”

“ఉన్నది ఉన్నట్టే ఉంచాం. వచ్చిన దగ్గర్నుంచీ చీపురుపుల్ల కూడా కదపలేదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ గర్వంగా.

“మంచి పని చేశారు. మరి ఈ చెత్తబుట్ట?”

“అందులో ఏముంది? విరిగిన తలక్లిప్పు. పడ్డప్పుడు విరిగి ఉంటుంది.”

పిన్ని నడుము మీద చేతులు వేసుకుని నిలబడింది. “పడ్డప్పుడు విరిగిందా? స్పృహ తప్పి పడిపోయిన మనిషి లేచి, విరిగిన క్లిప్పు ఏరి, చెత్తబుట్టలో వేసి, మళ్లీ వచ్చి స్పృహ లేకుండా పడుకుందా?”

ఇన్‌స్పెక్టర్ బుట్టలోకి తొంగి చూశాడు. మెట్ల మీద చెల్లెలు మొదటిసారి తలెత్తింది.

“చెల్లెలే పారేసి ఉంటుంది,” అన్నాడాయన.

“అయితే మిగతా సగం కూడా పారేసేదిగా? ఇందులో ఉన్నది సగమే.”

ఆమె బయటి తలుపు గడియ తీసింది. అవతల నలుగురు నిలబడగలిగేంత వసారా. ఇనప రెయిలింగు, దాని మూల కింద రెండు పూలకుండీలు ఉన్నాయి. ఆ పక్కనుంచి మెట్లు వీధిలోకి దిగుతున్నాయి. తలుపు పక్కనే ఉన్న కిటికీ రెక్క సరిగ్గా మూసుకోదు. పిన్ని మోకాళ్ల మీద కూర్చుని కుండీల వెనక చెయ్యి పెట్టింది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. చెయ్యి బయటికి వచ్చేసరికి రెండు వేళ్ల మధ్య గోధుమరంగు క్లిప్పు ముక్క ఉంది. దాని పళ్లకి ఇంకా రెండు వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి.

“ఇక్కడ మీరు వెతకలేదు కదూ?”

“తలుపు గడియ పెట్టి ఉందండీ. బయట వెతకడమెందుకు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో ఇందాకటి ధీమా లేదు.

“ఆ గడియ ఎవరు పెట్టారో మీరు అడగలేదు. ఎన్నింటికి పెట్టారో కూడా అడగలేదు. మీకు టైములంటే అంత ప్రాణం కదా, ఆ ఒక్కటీ ఎలా వదిలేశారు?”

కింద కారు ఆగిన చప్పుడైంది. టీచరమ్మ పాఠాలు చెప్పే శిక్షణ సంస్థ డైరెక్టర్ మెట్లెక్కి వచ్చాడు. నలగని కోటు వేసుకుని నవ్వుతూ వచ్చాడు. ఆయన్ని రమ్మన్నది పిన్నే. పాత లింకు మీదే మధ్యాహ్నం ప్రత్యేక క్లాసు ఉందని స్టూడెంట్లందరికీ కబురు పెట్టింది కూడా ఆమే. లాప్‌టాప్ తెరవగానే తెర నిండా చిన్న చిన్న గళ్లలో మొహాలు వచ్చాయి. ఒక గడి మాత్రం నల్లగా ఉండిపోయింది. ఎవరిదో కెమెరా పని చెయ్యడం లేదేమోనని ఎవరూ పట్టించుకోలేదు.

“పిల్లల ముందు పంచాయితీ ఎందుకమ్మా?” అన్నాడు డైరెక్టర్. “వాళ్లు అసలే బెదిరిపోయి ఉన్నారు.”

“నేనూ మీ స్టూడెంట్‌నేనండీ. క్లాసులో తోటివాళ్లు ఉంటే నాకు ధైర్యం,” అంది పిన్ని. “ఆ రోజు మీరు క్లాసు ఎక్కణ్నుంచి చూశారు?”

“ఆఫీసులోంచి. రికార్డింగు చూసుకోండి, నా వెనక ఆఫీసే కనిపిస్తుంది.”

“వెనకాల బొమ్మ పెట్టుకోవడం మా మనవడికీ వచ్చు. వాడు నిన్న చంద్రుడి మీదనుంచి మాట్లాడాడు.”

తెర మీద ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకోవడం కనిపించింది. పిన్ని రికార్డింగు పెట్టింది. టీచరమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది, చెవులకి హెడ్‌సెట్ లేదు. డైరెక్టర్ మొహం తెర మీద వెలిగి, “అందరికీ గుడ్ మార్నింగ్” అన్నాడు. అనగానే చెవులు చిల్లులు పడేలా కీచుమని కూత. టీచరమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. డైరెక్టర్ మైకు ఆపేశాడు. కూత ఆగింది.

“ఈ కూత నా సాక్ష్యం,” అని ఇన్‌స్పెక్టర్ చటుక్కున అందుకున్నాడు. “ఒకే క్లాసులో ఉన్న రెండు ఫోన్లో లాప్‌టాప్‌లో మైకులు తెరిచి దగ్గర దగ్గరగా ఉంటే ఇలా కూత వస్తుంది. అంటే చెల్లెలు తన ఫోనుతో ఇక్కడే ఎక్కడో నక్కి ఉంది.”

“సగం పాఠం బాగా చదివారు,” అంది పిన్ని. “చెల్లెలి మైకు ఆ రోజంతా మూసే ఉంది. ఆ క్షణంలో తెరిచి ఉన్న మైకులు రెండే, టీచరమ్మది, ఈయనది. పోనీ, మనమే చేసి చూద్దాం. అమ్మాయ్, నువ్వు ఫోను తీసుకుని నీ గదిలోకి వెళ్లి మాట్లాడు.”

చెల్లెలు కిందికి వెళ్లింది. క్షణం తర్వాత లాప్‌టాప్‌లోంచి ఆమె గొంతు వినిపించింది. “వినిపిస్తోందా పిన్నీ?” కూత మాత్రం లేదు.

“ఇక మీరు నా ఫోను పట్టుకుని వెళ్లండి ఇన్‌స్పెక్టర్‌గారూ, అందులో క్లాసు తెరిచే ఉంది. తలుపవతల, వసారాలో నిలబడండి.”

ఇన్‌స్పెక్టర్ గొణుక్కుంటూ బయటికి నడిచాడు. పిన్ని తలుపేసి గడియ పెట్టింది. “కానివ్వండి. అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పండి.”

“మధ్యాహ్నం గుడ్ మార్నింగేమిటండీ,” అని తలుపవతలనుంచి వినిపించింది. అంతే. ఆయన మాట పూర్తయ్యేలోపే గది దద్దరిల్లేలా కూత లేచింది. తెర మీద నలభై మంది ఒక్కసారిగా చెవులు మూసుకున్నారు. పిన్ని మాత్రం మూసుకోలేదు. కచేరీ వింటున్నంత హాయిగా విన్నది.

తలుపు తీసేసరికి ఇన్‌స్పెక్టర్ డైరెక్టర్ వైపు చూస్తున్నాడు. అలా చూడటం ఆ మధ్యాహ్నానికి అదే మొదలు.

“టీచరమ్మ ఏ క్లాసులోనైనా హెడ్‌సెట్ పెట్టుకుంటుంది,” అంది పిన్ని. “పెట్టుకుంటే కూత రాదు, ఈయన పట్టుబడడు. ఆ రోజు పెట్టుకోలేదు. ఎందుకని? ఎడమ చెవి వెనక నొప్పి. హెడ్‌సెట్ నొక్కేది సరిగ్గా అక్కడే.”

డైరెక్టర్ మొహంలో నవ్వు చెరిగింది. అయినా ఆరితేరిన మనిషి. మళ్లీ నవ్వు తెచ్చుకున్నాడు. “సరే, వచ్చాను. ఆవిడతో మాట్లాడదామని వచ్చాను. తలుపు తీయలేదు. వసారాలో నిలబడి క్లాసు విన్నాను. అది నేరమా? పది నలభైకి నేను స్క్రీన్ మీద ఉన్నాను. నలభై మంది సాక్ష్యం చెబుతారు. కావాలంటే ఇన్‌స్పెక్టర్‌గారినే అడగండి.”

ఇన్‌స్పెక్టర్ ఇబ్బందిగా కదిలాడు. “అవును, ఉన్నాడు. పది నలభైకి స్క్రీన్ మీదే ఉన్నాడు.”

“పది నలభై సంగతి ఎవరడిగారు?” అంది పిన్ని.

గోడ మీది కాగితం దగ్గరికి నడిచి దానిమీద అరచెయ్యి వేసింది. ఆమెకి కడుపు నిండిపోయింది. ఈ నిమిషం కోసం ఆమె ఎన్ని రాత్రులు మేలుకుందో, ఎన్ని తప్పు కోడ్‌లు వేసిందో ఆమెకే తెలుసు.

“ఆవిడ రోజూ నేర్పేది ఇదే. వచ్చేటప్పటికే ఉందా, వచ్చాక వచ్చిందా? మీరంతా దెబ్బ క్లాసులో తగిలిందనుకున్నారు. పడిపోయింది క్లాసులో. దెబ్బ క్లాసుకి వచ్చేటప్పటికే ఉంది. డాక్టర్‌ని అడిగాను. తలకి దెబ్బ తగిలి పుర్రె లోపల మెల్లమెల్లగా రక్తం చేరుతుంటే, మనిషి నడుస్తుంది, మాట్లాడుతుంది, పాఠం కూడా చెబుతుంది. గంటో రెండు గంటలో అయ్యాక ఉన్నట్టుండి పడిపోతుంది. కాకపోతే ఆ పాఠం కాస్త తేడాగా ఉంటుంది.”

రికార్డింగు ఇంకొంచెం ముందుకి జరిపింది. తెర మీద టీచరమ్మ నెమ్మదిగా చెబుతోంది: “డిశ్చార్జ్ నాడు డాక్టర్ ‘న్యుమోనియా కావచ్చు’ అని రాస్తే, న్యుమోనియా కోడ్ వెయ్యకండి. దగ్గు, జ్వరం, వాటికి మాత్రం వెయ్యండి.”

“ఇందులో తప్పేముంది?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“వచ్చి చూసుకుని పోయే అవుట్‌పేషెంట్‌కైతే తప్పు లేదు. ఆసుపత్రిలో చేరినవాళ్ల విషయంలో రూలు తలకిందులు. డిశ్చార్జ్ నాటికి కూడా ‘కావచ్చు’ అనే ఉంటే, ఆ జబ్బు ఉన్నట్టే కోడ్ వెయ్యాలి. ఆవిడ మొదటి క్లాసునుంచీ తల బాదుకుని చెబుతున్నది ఇదే. నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పదు. ఆ రోజు చెప్పింది. మమ్మల్ని పరీక్షిస్తోందని పిల్లలు అనుకున్నారు. ఒక్కరు మాత్రం చాట్‌లో రాశారు. చదవండి.”

ఇన్‌స్పెక్టర్ వంగి చదివాడు. *అక్కా, అది అవుట్‌పేషెంట్ రూల్ కదా? నీకు ఒంట్లో బాగానే ఉందా?*

“దీన్ని నేను వెటకారం అనుకున్నాను,” అన్నాడు మెల్లగా.

“పప్పులో కాలేశారు. నలభై మందిలో అక్కకి ఏదో అయిందని కనిపెట్టింది ఆ ఫెయిలైన చెల్లెలొక్కతే. మీరు తీసుకెళ్లి ఆమెనే దోషిని చేశారు. ‘కావచ్చు’ అనుకున్నదాన్ని ‘అయింది’ అని రాసుకునే పద్ధతి ఇన్‌పేషెంట్ కోడింగ్‌లో చెల్లుతుందండీ. పోలీసు కేసులో చెల్లదు.”

లోపలి మెట్ల మీదికి తిరిగి వచ్చిన చెల్లెలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిన్ని ఆమెవైపు తిరిగి, “ప్రాక్టీసు షీట్ల సంగతి చెప్పు,” అంది.

“సంస్థవాళ్లు మాకు ప్రాక్టీసుకి ఇచ్చే కేస్ షీట్లలో నిజం రోగుల పేర్లు, అడ్రసులు చెరపకుండా అలాగే ఉన్నాయి పిన్నీ. అక్క చూసి కంగారు పడింది. ఎవరి రోగాలు ఎవరి ముందు పరిచారో అని రాత్రంతా కూర్చుంది. డైరెక్టర్‌గారు మాట వినకపోతే క్లాసులోనే అందరికీ చెప్పేస్తానంది. ఇన్‌స్పెక్టర్‌గారికి ఇది ఆ రోజే చెప్పాను.”

ఇన్‌స్పెక్టర్ గడ్డం గోక్కున్నాడు. ఆ సంగతి పక్కన వేసుకోవడానికి గంటా నిమిషమూ లేవు కాబట్టి ఆయన రాసుకోలేదు.

“క్లాసుకి ముందు ఈయన బయటి మెట్లెక్కి వచ్చాడు,” అంది పిన్ని. “చెల్లెలు కింద స్నానం చేస్తోంది. వసారాలో మాటా మాటా పెరిగింది. తోశాడు. టీచరమ్మ తల రెయిలింగుకి కొట్టుకుంది. క్లిప్పు విరిగింది. ఆవిడ లోపలికి వచ్చి, తన చేత్తోనే గడియ పెట్టుకుంది. చేతిలో మిగిలిన సగం క్లిప్పు బుట్టలో పడేసింది. క్లాసు టైమైంది కాబట్టి కూర్చుని పాఠం మొదలుపెట్టింది. తన గుట్టు బయటపెడుతుందేమోనని ఈయన తలుపవతల నిలబడి విన్నాడు.”

డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు, నిదానంగా. “భలే అల్లారమ్మా. క్లిప్పు విరిగింది, కూత వచ్చింది, పాఠం తప్పింది. వీటిలో నేను తోసినట్టు ఏది చెబుతుంది? అన్నీ ‘కావచ్చు’లే. చెప్పగలిగిన మనిషి మాట్లాడే స్థితిలో లేదు.”

చెల్లెలి మొహంలో ఇందాక వచ్చిన వెలుగు ఆరిపోతోంది. పిన్ని మాత్రం బల్ల మీద వేలితో తాళం వేస్తూ తెరవైపు చూస్తోంది.

నల్లగడి వెలిగింది. తెల్లటి దిండు, కట్టుకట్టిన తల, పక్కన ఫోను పట్టుకున్న నర్సు చెయ్యి కనిపించాయి.

“ఆ రోజు క్లాసులో నేను తప్పు చెప్పాను,” అంది టీచరమ్మ. గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది, కానీ మాట స్పష్టంగా ఉంది. “రాసుకున్నవాళ్లు కొట్టేయండి. ఇన్‌పేషెంట్‌కి డిశ్చార్జ్ నాడు ‘కావచ్చు’ అని రాస్తే, ఉన్నట్టే కోడ్ వెయ్యాలి.” కాస్త ఊపిరి తీసుకుంది. “నా దెబ్బ సంగతి కూడా రాసుకోండి. క్లాసుకి వచ్చేటప్పటికే ఉంది. రెయిలింగుకేసి తోసింది డైరెక్టర్‌గారు. క్లాసయ్యాక చెబుదామనుకున్నాను.”

నలభై మైకులు ఒకేసారి తెరుచుకున్నాయి. ఎవరేమంటున్నారో ఎవరికీ అర్థం కాలేదు. ఏడుపు, నవ్వు, టీచర్ టీచర్ అన్న పిలుపులు కలగలిసి గది హోరెత్తిపోయింది. డైరెక్టర్ బయటి తలుపువైపు రెండడుగులు వేశాడు. గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆయన డైరెక్టర్ చేతిలోంచి ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఆ మణికట్టుని మాత్రం వదల్లేదు.

“ఆవిడకి తెలివొచ్చిందని మీకు ముందే తెలుసా?” అని పిన్నిని అడిగాడు.

“పొద్దున నర్సమ్మ కబురు చేసింది. డాక్టర్ రెండు నిమిషాలు మాట్లాడనిస్తానన్నాడు. ఆ రెండు నిమిషాలు ముందే వాడేస్తే, తల దెబ్బతిన్న మనిషి మాటని ఏ లాయరైనా కొట్టిపారేసేవాడు. అందుకే కూత ముందు, మాట తర్వాత.” పిన్ని కళ్లజోడు సర్దుకుంది. “ఇంతకీ టైమెంతయింది ఇన్‌స్పెక్టర్‌గారూ?”

“చూడలేదు,” అన్నాడాయన. తర్వాత చెల్లెలివైపు తిరిగాడు. ఆమె కళ్లలోకి చూడలేక నేల చూపులు చూశాడు. “బయల్దేరమ్మా, మీ అక్క దగ్గరికి. నా జీపులోనే దింపుతాను. నావల్ల తప్పు జరిగింది.”

చెల్లెలికి అదేదీ చెవిన పడలేదు. అప్పటికే లాప్‌టాప్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, తెరని రెండు చేతులతో పట్టుకుంది. “అక్కా, వస్తున్నా. ఇప్పుడే వస్తున్నానక్కా.”

టీచరమ్మ పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది. “రా. చాట్‌లో నువ్వు రాసింది కరెక్టే. వచ్చేటప్పుడు పుస్తకం తెచ్చుకో, నీకింకా మాక్ పరీక్ష మిగిలే ఉంది. మార్కులు మాత్రం కలపను.”